పొటాషియం లెక్క ప్రాక్టికల్‌లో అడగండి

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

మేడ్చల్, శామీర్‌పేట వైపు నర్సింగ్ చదివే పిల్లలను రక్తం పీహెచ్ ఎంతుండాలో అడగండి: 7.35 నుంచి 7.45 అని టకటకా అప్పజెబుతారు. అదే వాళ్ల చేతికి ఒక ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) రిపోర్టు ఇవ్వండి: పీహెచ్ 7.29, కార్బన్ డయాక్సైడ్ 28, బైకార్బొనేట్ 13. చాలామంది నీళ్లు నములుతారు. ఆ రిపోర్టు అర్థం ఇదీ: బైకార్బొనేట్ తరిగి రక్తంలో ఆమ్లం పెరిగింది, రోగి వేగంగా ఊపిరి వదులుతూ దాన్ని సర్దుకుంటున్నాడు. విరేచనాలు పట్టుకున్న కూలీలోనైనా, కీటోన్లు పెరిగిన షుగర్ రోగిలోనైనా ఇదే కనిపించవచ్చు. ఆ షుగర్ రోగికి ఇన్సులిన్ పెడితే పొటాషియం కణాల్లోకి దూరి రక్తంలో తగ్గిపోతుంది. అందుకే ముందు పొటాషియం చూడాలి.

ఇక పొటాషియం తగ్గినవారికి ఇచ్చే 15 శాతం పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లుంటాయి. పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. దీన్ని బట్టీ పట్టించి వదిలేస్తామా?

ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి విద్యార్థి ముందు ఒక ఏబీజీ కాగితం, ఒక ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు (రోగి ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) పెట్టించి, పొటాషియం లెక్క అడగండి. అందుకోసం ఒక వ్యాసరూప ప్రశ్న తీసేసినా ఫరవాలేదు. వచ్చే పరీక్షల నుంచే ఇది మొదలుపెట్టాలని కోరుతున్నాం.