పోరలకెందుకీ పంచాయితీ?

“సదువుకునే పోరలకు గీ పంచాయితీ ఎందుకురా? ఊర్ల పెద్దమనుషులున్నరు, సార్లున్నరు, మేడాలున్నరు. మీరు బుద్ధిగ సదువుకోండ్రి.” నిజామాబాద్ జిల్లా మాక్లూర్‌లో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఈ మాట వినపడుతుంది. ఫలానా వాళ్ల పిల్ల బడి మానేసిందనో, ఫలానా ఇంట్లో పదో తరగతి పిల్లకు లగ్గం కుదిరిందనో ఇంటర్ చదివే కుర్రాడు నోరు తెరిస్తే చాలు. ఆ మాటన్న పెద్దలే నవంబర్ 14 బాలల దినోత్సవం రాగానే అదే కుర్రాడి చేతికి బ్యానర్ ఇచ్చి, ఎర్రటి ఎండలో నినాదాలు ఇప్పిస్తారు. ర్యాలీకి పనికొచ్చేవాడు ఉన్న సంగతి చెప్పడానికి మాత్రం పనికిరాడన్నమాట.

పిల్లల రక్షణ పెద్దల పని, అధికారుల పని అనే ఈ అభిప్రాయం ఒక్క మా ఊరిది కాదు. చదువుకున్నవాళ్లూ, పత్రికల్లో రాసేవాళ్లూ అదే అంటారు. ఇది తప్పు. ఊళ్లో ఒక పిల్ల హక్కు కాపాడాల్సి వస్తే అందరికన్నా అసమర్థులం పెద్దలమే. చెడ్డవాళ్లమై కాదు, చేతులు కట్టేసి ఉండి.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల కింద తెలిసినవాళ్ల ఇంట్లో పెళ్లి. విస్తరి ముందు కూర్చున్నాక నా బిడ్డ చెవిలో అడిగింది: “బాపూ, గా పిల్ల మా స్కూల్ల నాకంటె ఒక్క క్లాస్ కిందుండె. పద్దెనిమిది ఎట్లయితయి?” నా బిడ్డకు అప్పుడు పదిహేడు. లెక్క నాకూ తెలిసింది. “మనకెందుకు బిడ్డా, తిను” అన్నాను. తిన్నాను. 1,116 రూపాయలు చదివించి వచ్చాను. ఆ ఇంటాయన నాకు ఒక కారు పంటకు విత్తనాలు అప్పిచ్చినవాడు. మా చిట్టీలో సభ్యుడు. మా తమ్ముడు మస్కట్ పోయేటప్పుడు వీసా పైసలకు జామీను పడ్డవాడు. అలాంటి మనిషి ఇంటి ముందు నిలబడి లగ్గం ఆపమని నేనెట్లా అంటాను?

2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టాన్ని తర్వాత ఎప్పుడో చదివాను. పదకొండో సెక్షన్ దగ్గర ఆగిపోయాను. అలాంటి పెళ్లి జరిపించినవాళ్లకే కాదు, నిర్లక్ష్యంగా ఆపకుండా ఊరుకున్నవాళ్లకు, చివరికి హాజరై పాలుపంచుకున్నవాళ్లకు కూడా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. విస్తరి ముందు కూర్చున్న నాడే నేను సాక్షిని కాకుండా పోయాను. ఇక ఎవరి మీద సాక్ష్యం చెప్పను? ఆ పందిట్లో ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషి నా బిడ్డ ఒక్కతే. అడిగిందీ ఆమె ఒక్కతే.

అధికారులున్నారు కదా అంటారు. ఉన్నారు. మా గల్లీలో ఒక అరుగు ఉంది, దాని దగ్గరికి ఏ అధికారి వస్తాడో చెప్పండి. సాయంత్రం నాలుగున్నరకు తల్లి ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటుంది. తడిపిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన వేస్తుంది. స్కూలు బట్టలు మార్చకుండానే పిల్ల వచ్చి ఆ బీడీల కొసలను గోటితో లోపలికి మడుస్తుంది. చిన్న వేళ్లకు ఆ పని తొందరగా వస్తుంది, అందుకే ఆ పని పిల్లది. గోరు పక్కన తోలు గోధుమ రంగుకు తిరిగింది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. పన్నెండో ఎక్కం దగ్గర తడబడే ఆ పిల్ల ఇరవై ఐదో ఎక్కం మాత్రం గుక్క తిప్పుకోకుండా చెబుతుంది.

1986 బాల కార్మిక చట్టం బీడీల తయారీని పిల్లలకు నిషేధించిన పనుల జాబితాలో పెట్టింది. అదే చట్టం ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే పనిని వదిలేసింది. నిజామాబాద్ జిల్లాలో బీడీ చుట్టేదే ఇళ్లలో! 2016లో చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని మొత్తంగా నిషేధించారు. ప్రమాదకరం కాని ఇంటి పనుల్లో బడి అయ్యాక సాయం చేయవచ్చన్న కిటికీ మాత్రం తెరిచే ఉంచారు. ఆ సాయం ఎక్కడ ఆగిందో, పని ఎక్కడ మొదలైందో చూసేదెవరు? ప్రభుత్వ జీపు మలుపు తిరిగేలోపే చాట ఇంట్లోకి పోతుంది. పక్కింట్లో డిగ్రీ చదివే పిల్లను చూసి మాత్రం ఎవరూ చాట దాచరు.

“పోరలకేం తెలుసు” అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. మాదరి భాగయ్య 1888లో పుట్టాడు. భాగ్యరెడ్డి వర్మగా మనకు తెలిసిన ఆయన హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టింది 1906లో. అంటే పద్దెనిమిదేళ్లకు. దళిత పిల్లలకు బడులు పెట్టాడు, బాల్య వివాహాలనూ జోగిని ఆచారాన్నీ ఎదిరించాడు. ముందు చదువు పూర్తి చేసుకో నాయనా అని ఆయనకు చెప్పినవాళ్లు ఉండే ఉంటారు.

జోగిని అన్న మాట మన జిల్లాకు కొత్త కాదు. లోకం తెలియని ఆడపిల్లను దేవత పేరు చెప్పి ఊరికి ఒప్పజెప్పే ఆ తంతు చీకటి చాటున జరగలేదు. పెద్దమనుషుల ఎదుటే, డప్పుల మోతలోనే జరిగింది. గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం ఈ జిల్లాకు వచ్చి, జోగినుల కోసం చెల్లి నిలయం నడిపి, ఊరూరూ తిరిగాకనే ఆ పని తప్పని చాలామందికి తోచింది. నిషేధ చట్టం 1988లో వచ్చింది. పెద్దల మీద వదిలేస్తే పిల్లలకు ఏమవుతుందో ఇంతకన్నా రుజువు కావాలా?

పేదరికం సంగతి మాట్లాడకుండా ఈ వాదన ముగియదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది, గల్ఫ్ పోయినవాళ్లు అప్పులతో తిరిగొస్తున్నారు, ఇంట్లో నాలుగు చేతులు ఆడకపోతే ఎట్లా అంటారు. బాధ నిజమే. కానీ శక్కర్‌నగర్‌లో ఆ ఫ్యాక్టరీ పొగగొట్టం పొగ చిమ్మిన రోజుల్లో, ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మనం గొప్పలు చెప్పుకున్న రోజుల్లో, ఇదే జిల్లాలో ఆడపిల్లలను జోగినులను చేయలేదా? అప్పుడు లేమి ఎవరిది?

ఈ పేదరికం వాదాన్ని 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో నిలబెట్టి అడిగింది ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఈ సంగతులు అందరూ రాస్తారు. గొర్ల వెంట పోయే పిల్లాడి తండ్రితో అరుగు మీద కూర్చుని మాట్లాడిందెవరో తక్కువ మంది రాస్తారు. ఊళ్లో నాలుగు ముక్కలు చదువుకున్న యువకులు. చాలామంది తమ ఇంట్లో మొదటిసారి బడి గడప తొక్కినవాళ్లు. బడి మానితే ఏం పోతుందో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

లోకం మాత్రం వేరే రకం యువతను మెచ్చుకుంటుంది. పాకిస్తాన్‌లో అప్పు కింద తివాచీ మగ్గానికి కట్టుబడిన ఇక్బాల్ మసీహ్ బయటపడి, తోటి పిల్లల కోసం మాట్లాడి, 1995 ఏప్రిల్‌లో హత్యకు గురయ్యాడు. ఆ వార్త చదివి కెనడాలో పన్నెండేళ్ల క్రెయిగ్ కీల్‌బర్గర్ ఒక సంస్థ పెట్టాడు. అది పెరిగి పెద్దదై, విద్యార్థులను దేశాలు తిప్పి, 2020లో ప్రభుత్వ కాంట్రాక్టు వివాదంలో చిక్కుకుని, కెనడాలో దుకాణం సర్దుకుంటానని ప్రకటించింది. ఆ అబ్బాయి మనసును తప్పుపట్టను. దూరం నుంచి చేసే సాయానికి విమానం టికెట్టు, ఫొటో, చందా కావాలి. మగ్గం పక్కనే పెరిగినవాడికి అవేవీ అక్కర్లేదు. మన కాలేజీ పిల్లల్లో కూడా పండ్లు పంచి సెల్ఫీ దిగేవాళ్లున్నారు. వాళ్లంటే నాకూ చిరాకే.

“పోరలకు ఆపద వస్తది” అన్నది చివరి అడ్డు. వస్తుంది. ఒక ఊళ్లో బాల్య వివాహం గురించి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసిన కుర్రాడి పేరు సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. విచారణకు వచ్చినాయనే పెళ్లి ఇంట్లో చాయ్ తాగుతూ చెప్పాడట. ఆ కుర్రాడి ఇంటికి కిరాణా అప్పు ఆగింది, పొలం పనికి మనుషులు ఆగారు. ఆపద తెచ్చింది ఎవరు, ఫోన్ చేసిన పోరడా, నోరు జారిన పెద్దమనిషా? పాత పగలతో అబద్ధం చెప్పేవాళ్లూ ఉంటారంటే, ఉంటారు. నిజం తేల్చడానికే కదా జీతమిచ్చి అధికారిని పెట్టుకున్నది.

సిరికొండ మండలం పాకాల పిల్ల మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. దండలు వేసి మా జిల్లా బిడ్డ అని చెప్పుకున్నాం. కొండ ఎక్కితే గొప్ప, గడప దాటి వచ్చి పక్కింటి పిల్ల గురించి అడిగితే తప్పు!

చట్టంలోనే దారి ఉంది. బాల్య వివాహాల నిషేధాధికారికి సాయంగా, సేవ చేసిన పేరున్న ‘గౌరవనీయ’ స్థానికుడిని ప్రభుత్వం కోరవచ్చని పదహారో సెక్షన్ చెబుతుంది. గౌరవనీయుడు అనగానే మనకు తెల్ల బట్టలే కనబడతాయి. మాక్లూర్ మండలంలో పంచాయతీలను, గ్రామాభివృద్ధి కమిటీలను నేను అడిగేది ఒక్కటే. ఈ ఎండాకాలం ముహూర్తాలు మొదలయ్యేలోపు ప్రతి ఊరి నుంచి పాతికేళ్లలోపు ఒక అమ్మాయి పేరు, ఒక అబ్బాయి పేరు ఆ పనికి రాసి పంపండి. ఆ తర్వాత ఫోన్ చేసిందెవరని మాత్రం అడగకండి.