జాకీ ఎత్తేదే... మోసేది కాదు!

బెజవాడ బస్సు డిపోలో ముప్ఫయ్యేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరైన ఓ పెద్దాయన, కూతురిని చూడ్డానికి అమెరికా వెళ్లారు. డాలస్ శివార్లలో ఇల్లు. వెళ్లిన మూడోరోజే అల్లుడు గ్యారేజీ తలుపు పైకెత్తించి మరీ చూపించాడు... ఎర్రటి కార్వెట్! సెకండ్ హ్యాండ్‌దే. 1997 నుంచి 2004 దాకా తయారైన అయిదో తరం మోడల్. చదువుకునే రోజుల నుంచీ కొనాలనుకుంటే ఇన్నాళ్లకి కుదిరింది.

మామగారు దాని చుట్టూ ఓసారి తిరిగొచ్చి ఒకే ప్రశ్న వేశారు. ‘‘బాగానే ఉంది అల్లుడుగారూ, దీని కిందికి జాకీ ఎట్టా పెడతారు?’’

అల్లుడు నవ్వేశాడు. ఆదివారం ఆయిల్ మార్చేటప్పుడు చూపిస్తానన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. ఇంట్లో ఉన్న మామూలు ట్రాలీ జాకీ కార్వెట్ మూతి కిందికి దూరలేదు. రెండో కారు డిక్కీలోంచి కత్తెర జాకీ తెచ్చి ఓ పక్క కాస్త ఎత్తి, ఆ సందులోంచి ట్రాలీ జాకీని తోశాడు. నాలుగు పంపులు కొట్టేసరికి కారు ముందుభాగం లేచింది. ఆయిల్ బోల్టు ఎక్కడుందో చూద్దామని వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. పక్కనే ఏడేళ్ల మనవడు. చేతికి అందేంత దూరంలో జాకీ పిడి!

‘‘అల్లుడుగారూ, బయటికి రండి. ముందు బయటికి రండి, తర్వాత మాట్లాడదాం’’ అన్నారు మామగారు. ఆ గొంతులో ఏం వినిపించిందోగానీ అల్లుడు మారు మాట్లాడకుండా జరిగొచ్చేశాడు. ఆయన చెయ్యి చాపేలోపే పిల్లాడు పిడి పట్టుకుని ఆటగా తిప్పాడు. ఎర్రకారు మెత్తగా నిట్టూర్చినట్టు కిందికి దిగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. స్పానర్ మాత్రం కారు కిందే ఉండిపోయింది. దాని పక్కనే, నిమిషం క్రితం, ఓ మనిషి తల ఉంది.

పిల్లాడు చేసింది తప్పూ కాదు, జాకీ చెడిపోనూ లేదు. దాని పని అది చేసిందంతే. హైడ్రాలిక్ జాకీ అంటే లోపల కాస్త నూనె, చిన్న పంపు, పెద్ద పిస్టను. చిన్న పిస్టను మీద మనం నొక్కిన ఒత్తిడి నూనె గుండా పెద్ద పిస్టనుకి చేరి పదింతలూ ఇరవయ్యింతలూ బలమవుతుంది. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే! కానీ అలా పైకి లేచిన బరువంతా ఆగి ఉండేది దేనిమీద? ఓ రబ్బరు సీలు, ఓ చిన్న వాల్వు మీద. పిడి తిప్పితే వాల్వు తెరుచుకుంటుంది. సీలు అరిగితే ఒక్కోసారి రాత్రంతా పట్టి నెమ్మదిగా దిగుతుంది, ఒక్కోసారి చెప్పకుండా దిగుతుంది. అందుకే జాకీతో ఎత్తాలి, స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఎత్తడం ఒక పని, మొయ్యడం ఇంకో పని. రెండూ ఒకే పరికరంతో కానిచ్చేద్దామనుకున్నప్పుడే ప్రమాదాలు.

మామూలు కార్ల విషయంలో ఇది కాస్త తేలిక. స్పోర్ట్స్ కారుతోనే చిక్కంతా. కార్వెట్‌నే తీసుకోండి. బరువు సుమారు 1,450 కిలోలు. పైనున్న ఒళ్లంతా ఫైబర్ పలకలు. అక్కడ జాకీ పెడితే కారు లేవదు, పలక పగులుతుంది. అసలా మోడల్‌లో స్టెప్నీ లేదు, జాకీ కూడా ఇవ్వరు. గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు వేసి పంపారు. జాకీ పెట్టాల్సింది కింద చట్రానికి కోలగా ఉన్న నాలుగు కంతల దగ్గర... ముందు చక్రాల వెనక రెండు, వెనక చక్రాల ముందు రెండు. ఆ కంతలు నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉంటే గొప్ప. పైగా జాకీ ఇనుప పళ్లెం నేరుగా ఆనితే చుట్టూ ఉన్న ఫైబర్ నలుగుతుంది కాబట్టి మధ్యలో ఓ మెత్త పెట్టాలి. కంతలో దూర్చి పావు తిప్పు తిప్పితే బిగుసుకునే బిళ్లలు బజార్లో దొరుకుతాయి. చాలామంది అమెరికన్లు ఐస్ హాకీ ఆడే నల్ల రబ్బరు బిళ్లతో సొంతంగా చేసుకుంటారు. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, ఎంత నొక్కినా నలగని రబ్బరు. ఆటవస్తువు ఇంత బాగా పనికొచ్చిన సందర్భాలు తక్కువే!

మరి జాకీ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? దుకాణంలో అందరూ ముందు చూసేది టన్నులు. రెండు టన్నులా, మూడా, నాలుగా అని. నిజానికి ఇలాంటి కారుకి రెండు టన్నుల జాకీ ధారాళంగా సరిపోతుంది, కారు మొత్తాన్నీ ఒకేసారి ఎత్తం కదా. చూడాల్సింది అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే మరో అంకె. పూర్తిగా దించినప్పుడు జాకీ ఎత్తెంత? మామూలు ట్రాలీ జాకీలు అయిదంగుళాల దగ్గర ఉంటాయి. తక్కువ ఎత్తు రకమని అమ్మేవి మూడు, మూడున్నర అంగుళాలకి దిగుతాయి. కార్వెట్‌కి కావాల్సింది ఇదే. పళ్లెమే కాదు, దాన్ని మోసే చెయ్యి కూడా పల్చగా ఉండాలి. పళ్లెం దూరి చెయ్యి దగ్గర ఇరుక్కుంటే ఏం లాభం? ఇక పొడవు. ఈ కారు మూతి ముందుకి సాగి ఉంటుంది. పొట్టి జాకీ అయితే ఎత్తాల్సిన చోటికి చేరదు. చేరినా పిడి బంపరుకి తగిలి సగంలోనే ఆగుతుంది. అల్యూమినియం జాకీలు తేలిక, ఇనుపవి బరువు. నడుంనొప్పి ఉన్నవాళ్లు డబ్బులకి చూసుకోకుండా తేలికది కొనుక్కోవడమే మంచిది.

జాకీ మార్చకుండా గట్టెక్కే ఉపాయం ఒకటుంది. రెండు చెక్క పలకలు నేలమీద పరిచి, ముందు చక్రాలు వాటిమీదికి ఎక్కించాలి. అమెరికా కలప దుకాణంలో రెండంగుళాల చెక్క అంటే నిజానికి ఒకటిన్నర అంగుళమే ఇస్తారు. అదో వింత! అయితేనేం, ఆ ఒకటిన్నరే జాకీకి దారిస్తుంది.

అసలు పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. జాకీ పెట్టాల్సిన కంతా, స్టాండు పెట్టాల్సిన కంతా ఒకటే! జాకీ అక్కడ కూర్చుంటే స్టాండుకి చోటేదీ? ఎందరో ఇక్కడే విసుగెత్తి ‘రెండు నిమిషాల పనేగా’ అనుకుని స్టాండు లేకుండా దూరిపోతారు. దీనికి దారి ఏమిటంటే జాకీని పక్కనుంచి కాక ముందు నుంచి పంపి, రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దిట్టమైన చట్రం దూలానికి ఆనించి ఎత్తడం. అప్పుడు పక్క కంతలు రెండూ స్టాండ్లకి ఖాళీగా ఉంటాయి. అయితే కింద కనిపించే ప్రతి అడ్డదూలమూ చట్రం కాదు. ఈ కార్వెట్‌కి లారీలకి ఉన్నట్టే కమాన్ కట్ట ఉంటుంది. కాకపోతే ఉక్కుది కాదు, ఫైబర్‌గ్లాస్‌ది. నిలువుగా కాదు, అడ్డంగా. చూడ్డానికి దిట్టంగా కనిపిస్తుందని దానికిగానీ, ఆయిల్ తొట్టికిగానీ జాకీ ఆనించారో... కారు ఖరీదులో కొంత మళ్లీ కట్టుకోవాల్సిందే. ఏది ఏదో తెలియనప్పుడు కంపెనీ పుస్తకంలో బొమ్మ చూడాలి, అంతేగానీ ఊహించకూడదు.

ఎత్తేటప్పుడు ఇంకో సంగతి. ట్రాలీ జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, వంపుగా లేస్తుంది. అందుకే కారు లేస్తున్నకొద్దీ జాకీ తన చక్రాల మీద కాస్త జరగాలి. ఓ గులకరాయి అడ్డుపడి జాకీ ఆగిందా, పళ్లెం కారు కింద నుంచి జారుతుంది. కాబట్టి ముందు నేల ఊడ్చాలి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మన రోహిణి కార్తె ఎండైనా టెక్సాస్ ఆగస్టు ఎండైనా తారు మెత్తబడిందంటే స్టాండు కాళ్లు దిగబడతాయి. సిమెంటు నేల లేకపోతే కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వెయ్యాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు మాత్రం వద్దేవద్దు. చూడ్డానికి గట్టివే, పగిలేటప్పుడు ముక్కలుగా పగులుతాయి.

హ్యాండ్‌బ్రేకు వేశాం కదా అని ధీమాపడటం మరో పొరపాటు. అది పనిచేసేది చాలా కార్లలో వెనక చక్రాల మీదే. వెనకభాగం ఎత్తాక ఆ చక్రాలు గాల్లో ఉంటే బ్రేకు పట్టుకునేది దేన్ని? నేలమీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాల్సిందే.

స్టాండ్లు కొనేటప్పుడు కూడా కళ్లు తెరుచుకునే ఉండాలి. మీద రాసిన టన్నులు ఒక్కో స్టాండుకా, జతకా అన్నది చదవాలి. 2020లో అమెరికాలో ఓ పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ పది లక్షలకు పైగా జాకీ స్టాండ్లను వెనక్కి పిలిచింది. మెట్లలో కొక్కెం సరిగా కూర్చోక, కదిలితే జారిపోయే ప్రమాదముందని తేలింది. వాటికి బదులుగా ఇచ్చిన వాటిలో కొన్నింటికి అతుకు లోపమని అదే ఏడాది వాటినీ పిలిచారు. అందుకే కొక్కెం మీదనే భరోసా వెయ్యకుండా, అడ్డంగా మేకు కూడా దూర్చే రకం మేలు. కారుని స్టాండ్ల మీదికి దించాక, దూరకముందే, చేత్తో గట్టిగా కుదిపి చూడాలి. పడేదేదో మనిషి బయట ఉన్నప్పుడే పడాలి మరి.

ఇదంతా ఎర్రకార్ల వాళ్ల గొడవ అనుకోనక్కర్లేదు. మన ఇళ్లలో ఉండే కారు డిక్కీలోని కత్తెర జాకీ ఉన్నది ఒక్క చక్రం మార్చడానికే. దాన్ని నమ్మి కిందికి చెయ్యి పెట్టడం కూడా సాహసమే. నట్లు కారు నేలమీద ఉన్నప్పుడే కాస్త వదులుచేసి, ఆ తర్వాత ఎత్తాలి. పిల్లాపాపల్ని కార్లో కూర్చోబెట్టి ఎత్తకూడదు, దించి రోడ్డుకి దూరంగా నిలబెట్టాలి. పొరపాటున జాకీ జారినా కారు పూర్తిగా పడకుండా స్టెప్నీని పక్కన చట్రం కిందికి తోసి ఉంచడం మన పాత టాక్సీ డ్రైవర్ల అలవాటు, ఎంత మంచి అలవాటో! అన్నట్టు, టైరు గాలి చెప్పే పరికరం, పంక్చరు కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ లేకున్నా ఫర్వాలేదని 2020లో మన దేశంలోనూ నిబంధన మారింది. కొత్త కారు కొంటే డిక్కీలో ఏముందో, ఏం లేదో ఇంటికి తెచ్చుకున్న రోజే చూసుకోవడం నయం.

మళ్లీ డాలస్ సంగతి. మరుసటి ఆదివారానికి మూడంగుళాల జాకీ, మేకు రకం స్టాండ్లు, రెండు పలకలు వచ్చాయి. హాకీ బిళ్లలు కొన్నది మనవడే. వాడికి ఉద్యోగం కూడా ఇచ్చారు తాతగారు... వెనక చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చోవడం. జాకీ పిడిని పనవగానే ఊడదీసి తన చేతిలోనే పెట్టుకున్నారాయన.

‘‘నాన్నా, భోజనానికి రండి. ఈయన ఇంకా కారు కిందే ఉన్నారా?’’ కూతురు కేకేసింది లోపల్నుంచి.

‘‘స్టాండ్ల మీదుందమ్మా’’ అన్నారాయన, స్పేరుకని తెచ్చిపెట్టుకున్న పాత చక్రాన్ని కారు పక్కన అడుగుకి తోస్తూ. ‘‘అన్నం వడ్డించు, వచ్చేస్తున్నాం.’’