పొడవు చూసి పాండిత్యమా?

స్కూల్ వార్షికోత్సవమైనా, ఇంట్లో ఫంక్షనైనా ఓ పిల్లాణ్ని ముందుకు తోసి ‘ఇంగ్లిష్‌లో అన్నిటికంటే పెద్ద మాట చెప్పరా’ అంటారు. వాడు ‘న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కానోకోనియోసిస్’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. చప్పట్లు! మాట ఎంత పొడుగైతే ఇంగ్లిష్ అంత వచ్చినట్టని మనవాళ్ల నమ్మకం. నాకు మాత్రం అందులో బట్టీ తప్ప ఇంగ్లిష్ కనబడదు.

ఆ 45 అక్షరాల మాట పుట్టిందే ఆటగా. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే పజిల్ ప్రియుల సంఘం సమావేశంలో దాని అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ దీన్ని బయటపెట్టాడు. చెప్పేది ఓ ఊపిరితిత్తుల జబ్బు గురించే అయినా, పొడుగ్గా ఉండటమే దాని ప్రయోజనం. పలుగురాళ్ల పొడి మిల్లుల్లో, రాతి క్వారీల్లో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు డాక్టర్లు రాసే జబ్బు పేరు ‘సిలికోసిస్’, అంతే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఆ పొడుగు మాటకు చోటిస్తూనే ఇది కృత్రిమంగా అల్లిన మాట అని చెప్పింది.

పోనీ, కష్టమైనదా? అదీ కాదు. రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించిన ముక్కలు. ‘న్యుమోనో’ అంటే ఊపిరితిత్తి, ‘సిలికో’ వెనక ఉన్నది లాటిన్‌లో చెకుముకి రాయి, ‘వోల్కానో’ అగ్నిపర్వతం, ‘కోనిస్’ అంటే గ్రీకులో దుమ్ము. మొదట్లో పలకని ‘పి’ ఒక్కటే మెలిక. ఈ ముక్కల్లో రెండు తెలిసిన పిల్లాడికి ‘న్యుమోకోనియోసిస్’ కూడా అర్థమవుతుంది. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్లకు నిజంగా వచ్చే జబ్బు అది. బట్టీ పట్టినవాడికి అది మరో కొత్త మాట.

‘యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ సంగతి వేరు. దానికి నేను కొంత మర్యాద ఇస్తాను, ఎందుకంటే దాని వెనక నిజమైన తగాదా ఉంది. ఇంగ్లండ్ చర్చి ప్రభుత్వం గుర్తించిన అధికార చర్చి. ఆ హోదా తీసెయ్యమన్నవాళ్లది ‘డిసెస్టాబ్లిష్‌మెంట్’ వాదం. తియ్యొద్దన్నవాళ్ల పక్షానికి ముందు ‘యాంటీ’, చివర ‘ఇజం’ తగిలాయి. ఐర్లండ్‌లో 1869 నాటి చట్టంతో చర్చికి ఆ హోదా పోయింది. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉంది, 26 మంది బిషప్పులు ప్రభువుల సభలో కూర్చుంటారు. ఇదంతా తెలియకుండా 28 అక్షరాలు వల్లిస్తే ఏమొచ్చినట్టు?

ఇంగ్లిష్ నిజంగా చుక్కలు చూపించేది పొట్టి మాటల్లో. ‘కర్నల్’ అని పలుకుతాం, స్పెల్లింగ్‌లో ‘ఆర్’ అనేదే ఉండదు. ‘క్యూ’లో అయిదు అక్షరాలుంటే నాలుగు నోరు మెదపవు. వీటికి ముక్కలు విడగొట్టే దారి లేదు. వింటూ, చదువుతూ, రాస్తూ ఒంటబట్టించుకోవాల్సిందే.

అమెరికాలో మన పిల్లలు దుమ్ము రేపుతున్న స్పెల్లింగ్ బీనే తీసుకోండి. 2021లో విజేతను తేల్చిన మాట ‘మర్రాయా’. మన కరివేపాకును వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం చేర్చిన ప్రజాతి పేరది, ఏడే అక్షరాలు. 2024లో తెలుగు మూలాలున్న కుర్రాడికి కప్పు తెచ్చిపెట్టిన ‘ఆబ్‌సీల్’కి ఆరే. తాడు పట్టుకుని కొండ దిగడమని దానర్థం. ఆ పోటీలో మైకు ముందు నిలబడ్డ పిల్లలు మాట ఎంత పొడుగని అడగరు, ఏ భాష నుంచి వచ్చిందని అడుగుతారు. జర్మన్ అని తెలిస్తేనే ‘ఆబ్‌సీల్’లో ‘ఇ’ ముందో ‘ఐ’ ముందో తేలేది.