ఒట్టు తిన్నాను సార్!

డిగ్రీ మొదటి ఏడాది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి తెలుగు సాహిత్యంలో చేరినవాణ్ణి. క్లాసులో సార్ ఏదో అడిగితే, నమ్మించాలన్న తొందరలో "ఒట్టు తిని చెబుతున్నా సార్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మా ఇంట్లో కసమ్ ఎప్పుడూ తినేదే మరి! తెలుగువాళ్లు ఒట్టు వేస్తారని ఆ రోజే తెలిసింది. ఆ షర్మిందగీ ఇన్నేళ్లయినా పోలేదు.

మొన్న మా బేటీ ఫోన్‌లో ఎవరిదో డ్యాన్స్ చూసి "షీ ఏట్!" అని అరిచింది. పక్కనే ఉన్న అమ్మీజాన్ "క్యా ఖాయీ బేటా?" అని అమాయకంగా అడిగారు. "దాదీకి ఇంగ్లిష్ రాదు" అంటూ పిల్ల పగలబడి నవ్వింది. నాకు ఆ పాత క్లాస్‌రూమ్ గుర్తొచ్చింది.

"షీ ఏట్" అంటే అదరగొట్టేసిందని. అమెరికా నల్లజాతి కుర్రకారు మాటల్లోంచి సోషల్ మీడియా ఎక్కి మన ఇళ్లదాకా వచ్చింది. ఇంగ్లిష్‌లో తినడం గురించిన ముహావరాలు ఇంకా చాలా ఉన్నాయి. "ఈట్ యువర్ వర్డ్స్" అంటే అన్న మాట తప్పని ఒప్పుకోవడం. "ఈట్ హంబుల్ పై" అంటే తలవంచి క్షమాపణ చెప్పుకోవడం. అంబుల్స్ అంటే జింక కాలేజా, పేగుల్లాంటివి. వాటితో చేసిన పై ప్రస్తావన 1663 నాటి శామ్యూల్ పెపిస్ డైరీలోనే ఉంది. అంబుల్, హంబుల్ చెవికి దగ్గరగా ఉండటంతో ఆ మాట పుట్టింది. ఇక "వాట్స్ ఈటింగ్ యూ?" అంటే నిన్ను ఏ బెంగ తొలిచేస్తోందని. అక్కడ ఘమ్ మనిషిని తింటుంది. మన జబాన్‌లో మనిషే ఘమ్ తింటాడు!

దాదీ ఏమేం తింటారో లెక్కపెట్టమని బేటీకి చెప్పాను. కసమ్, మార్, ధోకా, ఠోకర్, తరస్, హవా... వేళ్లు చాలలేదు. ఫార్సీలోనూ ప్రమాణాన్ని తినడమే: సౌగంద్ ఖోర్దన్. రిష్వత్‌ఖోర్, హరామ్‌ఖోర్ మాటల్లోని "ఖోర్" అక్కడిదే. తెలుగు తక్కువేం కాదు. తన్నులు, చీవాట్లు తింటాం. బుర్ర తింటాం. వానలకు దెబ్బతిన్న పంట గురించి నేను ఎన్ని వార్తలు రాశానో! ఉర్దూలో దొంగ జైలు హవా తింటే, తెలుగులో చిప్పకూడు తింటాడు.

నా రాయ్ ఏమిటంటే, పిల్లలచేత యాభై ఇంగ్లిష్ ముహావరాలు రట్టా కొట్టించడం దండగ. పరీక్ష కాగానే మరిచిపోతారు. ఒక్క క్రియ తీసుకుని, మూడు భాషల్లో అదేం చేస్తుందో పక్కపక్కన పెట్టి చూపించండి, చాలు.

"మగర్ నౌకరీ ఇచ్చేది ఇంగ్లిషే కదా భాయ్" అంటారు. నిజమే. ఇంటర్వ్యూలో "ఐ ఏట్ ఎ స్లాప్" అంటే నవ్వుతారు. ఆ గలతీ ఎక్కడ జరుగుతుందో ముందే తెలియాలంటే, మన జబాన్ ఏం తింటుందో, వాళ్లది ఏం తినదో పిల్లలకు తెలిసి ఉండాలి. ఏ మాట ఎక్కడ వాడాలో కూడా చెప్పాలి. "షీ ఏట్" దోస్తుల మధ్య బాగానే ఉంటుంది, నౌకరీ దర్ఖాస్తులో కాదు. హరామ్‌ఖోర్ అనే మాట మనం బుజుర్గుల ముందు అనం కదా, అలాగే.

ఆ రోజు నా మీద నవ్వినవాళ్లకు ఉర్దూ రాదు. వాళ్లను ఎప్పుడో మాఫ్ చేశాను. మగర్ దాదీ మాటకు సొంత ఇంట్లోనే మనవరాలు నవ్వితే, ఆ కసూర్ పిల్లది కాదు, మనది. ఇంగ్లిష్ నేర్పించే హడావుడిలో ఇంట్లో ఉన్న ఖజానాను చూపించడం మరిచిపోయాం.

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లల్ని అడిగి చూడండి: అన్నం కాకుండా మనం ఇంకేమేం తింటాం? జవాబులు దాదీ, నానీలే అందిస్తారు.