అట్టముక్క ములికి మాకొద్దు

 మేము జహీరాబాద్ హాస్టల్ పిల్లలం. పోస్టు పొడుగైతది, ఓపికతోని చదవండి. తిట్టాలనిపిస్తే చివరి దాకా చదివినంక తిట్టండి.

పోయిన ఆగస్టు 9 నాడు మమ్మల్ని స్టేజీ వెనుక వరుసగా నిలబెట్టి, తలలకు ఈకలు కట్టి, చేతికొక విల్లు ఇచ్చిన్రు. ఆ ఈకలు రంగేసిన ఫారం కోడి ఈకలు. విల్లేమో వెదురు బద్దకు ప్లాస్టిక్ దారం. బాణం కొసకు ఇస్పేటు ఆకారంలో కోసిన అట్టముక్క, దానికి వెండి కాగితం. పెద్దలు వచ్చిన్రు, మా మధ్యల నిలబడి ఫోటోలు దిగిన్రు, పోయిన్రు. మా భోజనం సంగతి ఆ రోజు కూడా ఎవరూ అడగలే, అది వేరే ముచ్చట.

మాలో ఎక్కువ మంది లంబాడా పిల్లలం. మొగుడంపల్లి, న్యాల్‌కల్, ఝరాసంగం వైపు తండాలోళ్లం. మా తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊర్లు తిరిగినోళ్లు. మా ఇండ్లల్ల గులేరు చూసినం, ఉచ్చు చూసినం, వల చూసినం, విల్లు మాత్రం చూడలే. మరి మా చేతిల విల్లెందుకు పెట్టిన్రు? ట్రైబల్ అంటే అందరూ ఒక్కటే, అందరికీ ఒకటే బొమ్మ. అంతే కదా!

మా రూములో నల్లమల నుంచి వచ్చిన చెంచు తమ్ముడు ఒకడున్నడు. వాని ఇంట్ల నిజంగనే విల్లు ఉండేది. ఆ అట్టముక్కను చూసి వాడు ముందు నవ్విండు, తర్వాత ఏం మాట్లాడలే. రాత్రి అన్నం తిన్నంక నోట్‌బుక్ తీసి బొమ్మలు గీస్తూ చెప్పిండు. మా డిగ్రీ మొదటి సంవత్సరంలో అంత మంచి క్లాసు మేము వినలే.

పిట్టకు పదును ములికి పనికిరాదంట. చిన్న పిట్టకు కట్టెతో చేసిన మొద్దు మొన. దెబ్బకే పిట్ట పడుతది, మాంసం చీరదు, గురి తప్పితే బాణం కొమ్మలకు దిగబడి పోదు, కింద పడితే ఏరుకోవచ్చు. ఇనుప ములికి పెద్ద జంతువుకు. అది కోసుకుంట లోపలికి పోవాలె, నెత్తురు పోయి జంతువు పడాలె. నెమలి, అడవికోడి లాంటి పెద్ద పిట్ట దగ్గరనే అసలు తిప్పలు. మనకు కనబడేదాంట్లో సగం ఈకలే. పురి విప్పితే ఇంకింత మోసం. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు పిడికిలంత. పక్కకు తిరిగి ఉంటే రెక్క మొదలు చూడాలె. తోక దగ్గర తగిలితే ఈకలు రాలుతయి, పిట్ట పోతది. పొదలల్ల పడి రెండు రోజులకు చస్తది, ఎవనికీ దొరకదు. "నమ్మకం లేని బాణం వదలొద్దు అనేటోడు మా తాత" అన్నడు వాడు.

మాకు ఆశ్చర్యమైంది ఇంకోటి. ఫోన్‌లో అమెరికా వీడియోలు చూస్తే అక్కడ టర్కీ కోడిని విల్లుతో వేటాడేటోళ్లు కూడా అక్షరాల ఇదే చెప్తున్నరు. ఈకలను నమ్మొద్దు, రెక్క మొదలు చూడు, లేదా తుంటి ఎముకలు విరగాలె, అప్పుడు అది ఉరకలేదు, ఎగరలేదు. వాళ్ల దగ్గర కదలని బ్లేళ్ల ములికి వేరే, తగిలినంక విచ్చుకునే ములికి వేరే, మెడకు కొట్టే వెడల్పు బ్లేళ్ల ములికి ఇంకోటి. ఒక్కోటి డబ్బాల పెట్టి అమ్ముతున్నరు. వేటాడేటోనికి లైసెన్సు, సీజను, లెక్క ఉన్నయి. ఒకప్పుడు అక్కడ కూడా అడవి టర్కీ చాలా చోట్ల లేకుండ పోయింది. తర్వాత కాపాడి మళ్ల పెంచిన్రు. 1937లో తుపాకులు, తూటాల మీది పన్నును వన్యప్రాణుల కోసం కేటాయిస్తూ చట్టం చేసిన్రు, తర్వాత విల్లు బాణాలను కూడా అందుల కలిపిన్రు. అక్కడ ఈ తెలివిని ఆట అంటరు, చదువు అంటరు. మా తమ్ముని తాతకు అదే తెలివి ఉంటే కేసు అంటరు.

"అయితే వేట మన హక్కు, కొడదాం" అని గ్రూపులో కొందరు అన్నలు రాస్తున్నరు. అన్నలూ, మీతోని కూడా మాకు కొట్లాటే. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపుడే కాదు, పట్టుడు, ఉచ్చు పెట్టుడు, ఆ ప్రయత్నం చేసుడు కూడా వేటే. నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉంది. మీరు పెట్టే వీడియో చూసి ఇంటర్ చదివే తమ్ముడు గులేరు పట్టుకుపోతే జైలుకు పోయేది వాడు, లైకులు మీకు. 2006 అటవీ హక్కుల చట్టాన్ని మనం నెత్తిన పెట్టుకుంటం కదా, అది కూడా సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుని, వేటను, ఉచ్చు పెట్టుడును మాత్రం బయట పెట్టింది. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కుకు మటుకు 1972 చట్టంలోనే మినహాయింపు రాసిన్రు. అంటే రాయాలనుకుంటే రాయొచ్చు. మనకు రాయలే.

అయినా ఇయ్యాల వేట మళ్ల తెరవాలని మేము అడగం. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టినా ఆ పిట్ట కరువైంది. అడవే తక్కువైనప్పుడు పిట్టలు ఎక్కడికెల్లి వస్తయి? కానీ పిట్టలు తగ్గినందుకు దోషం విల్లు మీద వేస్తే మేము ఒప్పుకోం. మెదక్ దగ్గర పోచారం అడవి నిజాం వేటకు ఉంచుకున్న అడవి. తుపాకులు పట్టుకుని వచ్చిన దొరలకు పుస్తకాలల్ల షికారీలని పేరు, మొద్దు మొనతో పిట్టను కొట్టి పిల్లలకు కూర వండినోనికి దొంగవేటగాడని పేరు.

ఇంకో సంగతి ఎంత మందికి తెలుసు? కడప జిల్లాలో కలివికోడి అనే పిట్ట 1900 నుంచి ఎవరికీ కనబడలే, అంతరించిందనే అనుకున్నరు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే దాన్ని రాత్రి పూట పట్టుకొచ్చింది ఒక స్థానిక పిట్టల వేటగాడు. ఆ పిట్ట బతకలే, కానీ దాని వల్లనే లంకమల అభయారణ్యం పేరు దేశమంతా తెలిసింది. పిట్ట ఎక్కడ తిరుగుతదో, ఎప్పుడు బయటికొస్తదో వేటగానికి తెలుసు. సైన్సుకు ఆ తెలివి కావాల్సి వచ్చింది. అది కూడా చదువే అని మా కాలేజీలో ఎవరన్నా చెప్పిన్రా?

"విల్లు మన పోరాటానికి గుర్తు" అని ఇంకొందరు. ఉండనీయండి. కానీ అల్లూరి వెంట నడిచిన మన్యం మనుషులు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డది తుపాకుల కోసం. ఏ ఆయుధం ఎందుకు పనికొస్తదో వాళ్లకు తెలుసు. ఫోటో కోసం విల్లు పట్టుడు మనం మొన్న నేర్చుకున్న అలవాటు.

మాకు నిజం విల్లు కావాలె. రాజస్థాన్ పల్లె నుంచి వచ్చిన ఆదివాసీ పిల్లగాడు లింబారామ్ అడవిలో నేర్చిన గురితోనే మూడు ఒలింపిక్స్ ఆడిండు, 2012లో పద్మశ్రీ వచ్చింది. స్పోర్ట్స్ అథారిటీ వాళ్లు ఊర్లకు వచ్చి వెతికితేనే ఆయన దొరికిండు. మా హాస్టల్‌కు ఒక్క టార్గెట్ బోర్డు లేదు, నేర్పే సారు లేడు. ఫంక్షన్‌కు ఈకలు కొనే పైసలు మాత్రం ఉంటయి.

వచ్చే ఆగస్టు 9కి అట్టముక్క బాణం ఇస్తే మేము పట్టుకోం, స్టేజీ ఎక్కం. ఈ మాట వార్డెన్ సారుకు రాసిచ్చినం, 31 మందిమి సంతకాలు పెట్టినం. సెలవుల్లో ఇంటికి పోయేటోళ్లు ఒక పని చేయండి. అటకల మీద, చూరుల్ల పాత ములికి, బాణం, ఉండేలు, వల ఏదున్నా పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. మీ భాషలో దాని పేరు, అది దేనికోసం చేసిందో, ఎవరు చేసిన్రో తాతలను, అవ్వలను అడిగి ఫోన్‌లో వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. చెంచు తమ్ముడు గీసిన నాలుగు బొమ్మలు కింద పెడుతున్నం. మూడో దాని పేరు వానికి యాదికి లేదు, వాళ్ల తాత పోయి రెండేండ్లాయె. నల్లమల దిక్కు ఎవరన్నా ఉంటే చూసి చెప్పండి.