హెచ్చరిక మన ఇంటి భాషలో అందాలి

కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థను ఆధారంగా చేసుకొని ‘సైసెక్’ అనే సైబర్ భద్రతా కేంద్రాన్ని నెలకొల్పింది. ఇది స్వాగతించదగిన పని. నిధులు, అధికారం ప్రభుత్వానివి. ఆచార్యులు, విద్యార్థులు, ప్రయోగశాలలు విద్యాసంస్థవి. నేడు విద్యుత్తు, తాగునీటి సరఫరా సైతం కంప్యూటర్ల అదుపులో నడుస్తున్నాయి. వాటిపై దాడులు ఎట్లా జరుగుతాయో పరీక్షించడానికి, బయటి వ్యవస్థలతో సంబంధం లేని సురక్షిత ప్రయోగశాల ఉండాలి. కేంద్ర మంత్రివర్గం 2018లో 3,660 కోట్ల రూపాయలతో ఆమోదించిన పథకంలోనూ ఇదే పద్ధతి. అందులో సైబర్ భద్రత బాధ్యత కాన్పూరు ఐఐటికి దక్కింది.

అయితే ఈ విజ్ఞానం బాగేపల్లిలోని ఒక ముసలమ్మ వరకు చేరుతున్నదా అన్నదే నా ప్రశ్న. పోలీసునంటూ ఎవడో ఫోనులో ఆమెను ‘డిజిటల్ అరెస్టు’ చేశానంటాడు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. ఆ ఒక్క మాట ఆమెకు తెలుగులో ముందే తెలిసి ఉంటే చాలు. డబ్బు పోయినా, వెంటనే 1930కు ఫోను చేస్తే అది చేతులు మారకముందే బ్యాంకులో నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. జరిగినది పరభాషలో కూడబలుక్కొని చెప్పేలోగా సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోతుంది!

కన్నడంతో మనకు వైరం లేదు. అది మన రాష్ట్ర భాష, మన పిల్లల బడి భాష. కానీ 2011 జనగణన ప్రకారం ఈ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా గలవారు 35 లక్షలకు పైనే. రాజ్యాంగం 350వ అధికరణం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం చేసుకొనే హక్కు ఇచ్చింది. జిల్లాలోగాని, తాలూకాలోగాని 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువరించాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పథకం చెబుతున్నది. మోసగాళ్ల గురించిన హెచ్చరిక కన్నా ముఖ్యమైన ప్రకటన ఇంకేముంటుంది?

ఖర్చు అనే సాకు చెల్లదు. హైదరాబాదులోని సి-డాక్ సంస్థ ఇటువంటి అవగాహన సామగ్రిని తెలుగులో ఇప్పటికే తయారుచేసింది. దానిని తెచ్చి, చిక్కబళ్లాపురం, కోలారు, బళ్లారి జిల్లాల పంచాయతీలలో, తపాలా కార్యాలయాలలో అంటించాలి. సరిహద్దు కళాశాలల తెలుగు విద్యార్థులను ఈ కేంద్రం తన శిక్షణలో చేర్చుకొని ఊళ్లకు పంపాలి. ఇల్లిల్లూ తిరిగి చెప్పగలవారు వారే.

ఈ కోరికలతో బెంగళూరు కేంద్రానికి, జిల్లా అధికారికి నేను తెలుగులోనే అర్జీ పంపుతున్నాను. మీ పంచాయతీ తరఫున మీరూ ఒకటి పంపండి; రసీదు అడిగి తీసుకొనడం మరువవద్దు.