బువ్వ వేళ ఫోను పక్కన పెడదాం

పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ, అంగన్‌వాడీ టీచర్లకూ, నర్సరీ బడుల యాజమాన్యాలకూ, పంచాయతీ పెద్దలకూ విన్నపం

సాయంత్రం ఏడింటికి ఏ వీధిలోకి వెళ్లినా ఒకటే కనబడుతోంది. ఏడాదిన్నర పిల్లాడు గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఎదురుగా నీళ్ల చెంబుకు ఆనించిన ఫోను. అందులో రంగురంగుల బొమ్మలు ఇంగ్లీషులో పాడుతుంటాయి. పిల్లాడు రెప్ప వేయడు. వాళ్లమ్మ పెరుగన్నం ముద్ద పెదాలకు తాకించగానే నోరు తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. ముద్ద బుగ్గనే ఉండిపోతే అమ్మ వేలితో బుగ్గ మీద తడుతుంది. పావుగంటలో గిన్నె ఖాళీ. ఆ పావుగంటలో తల్లీబిడ్డా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ తల్లిని దెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. పొద్దున్నుంచి నాట్లలో వంగి, బట్టల షాపులో నిలబడి వచ్చిన మనిషికి పిల్లాడు మారాం చేయకుండా నాలుగు ముద్దలు తింటే అదే పదివేలు. ఫోను చేతికిచ్చేది ఆమె ఒక్కతే కాదు కూడా. నాన్న ఇస్తాడు, తాతయ్య ఇస్తాడు, చూడవచ్చిన చుట్టాలిస్తారు. ఫోను పూర్తిగా మానేయమని మేం అడగడం లేదు. పిల్లలకు తినిపించే వేళ మాత్రం దాన్ని పక్కగదిలో పెట్టండి. ఆ కాసేపూ కబుర్లకూ ఆటలకూ వదలండి. పిల్లలతో ఆడుకోవడానికి మాకు తీరికేదీ అనేవాళ్లు చాలామంది. తినిపించడానికి ఎలాగూ ఎదురుగా కూర్చోక తప్పదు కదా, ఆ కూర్చున్న కాసేపు చాలు.

ఫోనులోనూ మాటలే కదా వినబడేది, వింటే రావా అని అడుగుతారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా కూల్ బృందం సరిగ్గా ఈ సంగతే పరీక్షించి 2003లో ప్రకటించింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లలు కొందరితో చైనా భాష మాట్లాడే మనుషులు ఎదురుగా కూర్చుని ఆడారు, బొమ్మల పుస్తకాలు చదివారు. పన్నెండుసార్లు అలా కూర్చున్నాక ఆ పసివాళ్లు ఇంగ్లీషులో లేని చైనా ధ్వనుల తేడా పట్టగలిగారు. అవే ఆటలు, అవే పుస్తకాలు టీవీ తెర మీద చూసిన పిల్లలకు ఏమీ అబ్బలేదు. తెర పిల్లవైపు చూడదు. పిల్ల 'ఆఁ' అంటే ఆగదు. వేలు చూపిస్తే అటు తిరగదు.

2018లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ఇళ్లలో మాటలు రికార్డు చేశారు. ఆ పిల్లలు కథలు వింటుంటే మెదడు ఎలా పనిచేస్తోందో స్కానింగులో చూశారు. పెద్దలు గుప్పించిన మాటల లెక్కకంటే, పెద్దలూ పిల్లలూ మాటకు మాట ఎన్నిసార్లు ఇచ్చుకున్నారన్నదే భాష తాలూకు మెదడు చురుకుతో ఎక్కువ ముడిపడి కనిపించింది. ఇంటి రాబడితో, తల్లిదండ్రుల చదువుతో నిమిత్తం లేకుండా! ఈ చివరి ముక్క మాకు చాలా ముఖ్యం. వేలకు వేలు పోసి కొనే ఫ్లాష్‌కార్డుల పెట్టెలు, యాప్‌ల చందాలు లేని ఇంటికి ఇందులో లోటేమీ లేదు. ఇక తెర సంగతి: రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మార్గదర్శకాల్లోనే ఉంది.

మరి ఫోను తీసేస్తే పిల్లాడు తింటాడా? మొదటి రెండు మూడు రోజులు గోల చేస్తాడు, ఆ మాట ముందే చెబుతున్నాం. ఒక పూట రెండు ముద్దలు తక్కువ తిన్నా బెంగపడకండి. అరుగు మీద కూర్చోబెట్టండి. 'కాకి ఏదీ?' అని ఆగండి. ఆగడమే ఇందులో కష్టమైన పని. అడిగేదీ మనమే, జవాబు చెప్పేసేదీ మనమే. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టుకోండి. వాడు గోడ వైపు చూస్తాడు, వేలు ఎత్తుతాడు, 'కా' అంటాడు. అప్పుడు మీరు 'అవును, కాకి! నల్ల కాకి. కాకికీ బువ్వ కావాలట' అనండి. వాడి మాటకు ఒకటో రెండో జోడించారు, అంతే. 'కా కాదురా, కాకి అను, మళ్లీ అను' అని పట్టుబట్టకండి. వాడు కాకి సంగతి మాట్లాడుతుంటే మనం పరీక్ష పెట్టినట్టవుతుంది.

ఆటలకు కొదవ లేదు. నెలల పిల్లలకు దోబూచులు, తారంగం, చేతివేళ్లు ఒక్కొక్కటీ ముడిచి చక్కిలిగింత పెట్టే ఆట. మూడేళ్లు వచ్చేసరికి గుడుగుడు గుంచం. పిడికిలి మీద పిడికిలి పేర్చి, పాట అయ్యాక చేతులు వెనక దాచుకుని, అవి ఎక్కడికి పోయాయంటే ఎక్కడికి పోయాయని ప్రశ్నకు జవాబు కడుతూ పోతారు. తన వంతు వచ్చేదాకా ఆగడం, అడిగింది విని బదులివ్వడం, ముందు చెప్పింది గుర్తుంచుకోవడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. అలాగని పాతవన్నీ మంచివని మేం అనం. బూచోడికి పట్టిస్తానని బెదిరించి ముద్ద కుక్కడం కూడా పాత పద్ధతే. దాన్ని మళ్లీ తేవద్దు.

కథ చెప్పండి, ఊ కొట్టించండి. రోజూ అదే కథ అడుగుతారు, విసుక్కోకుండా చెప్పండి. వచ్చిన కథే కాబట్టి తర్వాతేమవుతుందో వాళ్లకు తెలుసు, నోరు విప్పే ధైర్యం అక్కడే వస్తుంది. కంఠతా వచ్చాక కావాలని తప్పు చెప్పండి. దాహమేసిన కాకి కుండలో గులకరాళ్లకు బదులు ఇడ్లీలు వేసిందనండి. నాలుగేళ్ల పిల్ల ఊరుకుంటుందేమో చూడండి! 'కాదు నానమ్మా, రాళ్లు!' అని మొదలుపెట్టి కథంతా తనే చెబుతుంది. ఇడ్లీలు వేస్తే ఏమవుతుందని అడిగితే ఇంకో పది నిమిషాలు గడిచిపోతాయి.

వంటింట్లో గిన్నెలూ మూతలూ కింద పరిచి ఏ మూత దేనిదో పెట్టమనండి. ఉల్లిగడ్డలు ఒకవైపు, ఆలుగడ్డలు ఒకవైపు వేరుచేయమనండి. దండెం మీది బట్టలు తీసేటప్పుడు ఈ లుంగీ ఎవరిది, ఈ చిన్న గౌను ఎవరిదని అడగండి. పెద్దది, చిన్నది, తడిది, ఆరింది, పైన, కింద. లెక్కలకు ముందు రావలసిన మాటలు ఇవే. మూడేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం బఠాణీలు, శనగలు, చింతగింజలు ఇవ్వకండి. ముక్కులో దూర్చుకుంటారు, గొంతుకు అడ్డం పడతాయి. నాలుగేళ్లు దాటాక 'క'తో మొదలయ్యేవి వెతికే ఆట ఆడండి: కంచం, కుర్చీ, కిటికీ, కుక్క. పలక మీద అక్షరం దిద్దేలోపే చెవికి ఆ ధ్వని పట్టుబడితే చదువు సులువవుతుంది.

ఇప్పుడు కొందరికి రుచించని మాట. నర్సరీలో చేర్చగానే ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండని కొన్ని బడులు చెబుతున్నాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన తల్లిదండ్రులైతే ఫర్వాలేదు. రాని ఇంట్లో జరుగుతున్నదేమిటి? 'కమ్', 'సిట్', 'ఈట్ ఫాస్ట్', 'డోంట్ టచ్'. అన్నీ ఆజ్ఞలే. చుట్టాలొస్తే 'వేర్ ఈజ్ యువర్ నోస్' అని ఒక ప్రదర్శన. నిన్న రాత్రి కలలో ఏమొచ్చిందో, పక్కింటి మేకపిల్ల ఎందుకు కుంటుతోందో ఆ నాలుగు ముక్కలతో ఎలా మాట్లాడతారు? ఇంగ్లీషు వద్దని మేం అనడం లేదు, బడి నేర్పాలి, బాగా నేర్పాలి. ఇంట్లో మాత్రం మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే మాట్లాడండి. అది తెలుగు కావచ్చు, కోయ కావచ్చు, లంబాడీ కావచ్చు, ఉర్దూ కావచ్చు. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్న భయం అక్కర్లేదు. వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. బడి యాజమాన్యాలు తమ సూచన వెనక్కి తీసుకోవాలని కోరుతున్నాం.

నాన్న దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉన్న ఇళ్లకు ఒక మాట. వీడియో కాల్‌ను మేం వద్దనే ఫోనులో కలపకండి. అటువైపు మనిషి బదులిస్తున్నాడు కాబట్టి అది వేరు. 'తిన్నావా, బాగున్నావా' అని రెండు ముక్కలతో ముగించకుండా, చెయ్యి అడ్డం పెట్టుకుని దోబూచి ఆడమనండి, గదిలో ఉన్నవి ఒక్కొక్కటీ చూపించి పేరు అడగమనండి.

అన్నీ చేసినా కొందరికి మాటలు ఆలస్యమవుతాయి. అందుకు ఫోనునో, తల్లినో నిందించడం తప్పు. ముందు చూడాల్సింది చెవి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లు నిండినా 'అమ్మ రా', 'పాలు ఇవ్వు' లాంటి రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చేయకండి. 'వాళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చాయి' అని పెద్దలు సర్దిచెబుతారు. మొక్కులు మొక్కుకోండి, కాదనం. వినికిడి పరీక్ష మాత్రం చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. ఆ రోజు కూలి మానుకునైనా పిల్లను తీసుకెళ్లండి. వాళ్లు జిల్లా ఆసుపత్రికి రాసిస్తే తప్పక వెళ్లండి. వినికిడి, మాట లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో కూడా ఉంది.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద పుట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. పోషణతో పాటు చదువూ అంటూ కేంద్రం 2023లో కార్యక్రమం ప్రకటించింది; పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఇంట్లో ఏం చేయాలో చెప్పే 'నవచేతన' పత్రం 2024లో వచ్చింది. అందులోని ఆటలు తల్లిదండ్రుల చేత ఆడించి చూపాలి. అందుకు నెలకోసారి సమావేశం పెట్టాలి, అదీ సాయంత్రం ఆరు తర్వాత. పగలు పెడితే కూలికి వెళ్లే తల్లి రాలేదు, నాన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. టీచరుకు ఆ అదనపు గంటకు భత్యం ఇవ్వాలి. పోషణ్ ట్రాకర్‌లో వివరాలు ఎక్కించడానికే ఫోనుకు అతుక్కుపోతున్న టీచరును పిల్లల దగ్గర కూర్చోనివ్వాలి.

ఆగస్టు 15న గ్రామసభ ఉంటుంది. నెలనెలా సాయంత్రం పెట్టాల్సిన ఈ సమావేశం సంగతి అక్కడ తీర్మానంగా పెట్టించండి. అజెండాలో లేదని కార్యదర్శి అంటే 'ఇతర అంశాలు' కింద రాయించి, మినిట్స్ పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకుని సంతకం పెట్టండి.

— ఈ ఊరి తల్లిదండ్రులం, రిటైరైన టీచర్లం